శవం లేని శోకం

షాలా లోయ, 7 మే 1978

దిలా,

నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి అర్థం కాలేదు. రెండోసారి అర్థమై కోపం వచ్చింది. తగ్గాక రాద్దామని ఆదివారం దాకా ఆగాను. తగ్గలేదు, రాస్తున్నాను. నాకు అక్షరాలు యాభై ఒకటో ఏట వచ్చాయి, అదీ నిరక్షరాస్యతా నిర్మూలన తరగతిలో ఆ టీచరమ్మ కర్రతో బల్ల మీద కొడుతుంటే. రాసిన మాట కొట్టెయ్యటం ఆమె నేర్పలేదు. కాబట్టి ఉన్నదున్నట్టు చదువుకో.

నన్ను "గౌరవ కళాకారుడు" అనే బిరుదుకు రాయిస్తున్నారట. నేను కళాకారుణ్ణి కాను. కళాకారుడంటే మీ ష్కోద్రాకు సర్కస్ వచ్చినప్పుడు నిప్పు మింగినవాడు. నేను గొర్రెలు కాశాను. సహకార సంఘం వచ్చాక అవే గొర్రెలను సంఘం గొర్రెలంటూ కాశాను. ఈ లోయలో మగవాడు ఎవరైనా చస్తే తొమ్మిదిమందిని వెంటబెట్టుకుని వెళ్ళి, ఆ వాకిట్లో వరసగా నిలబడి, గుండెలు బాదుకుంటూ, నేలకు ఒరుగుతూ, ఎదుటి కొండకు వినపడేలా శోకం పెట్టాను. మా నాన్న ముందు నిలబడి పెట్టేవాడు, ఆయన తర్వాత నేను. ఇన్నేళ్ళలో ఎవడూ చప్పట్లు కొట్టలేదు. కొట్టి ఉంటే కాల్చేసేవాళ్ళం.

నువ్వు చెప్పిన సంస్కృతి శాఖ మనిషి పెత్రిత్ వచ్చాడు. బట్టతల, భుజాన టేపు రికార్డరు. నా మజ్జిగ తాగి మూతి తుడుచుకుని, "పెద్దాయనా, మీ శోకం ప్రజల ఆస్తి" అన్నాడు.

"ఎవరిది?"

"ప్రజలది."

"ప్రజలు చచ్చారా?"

అతను చప్పున రికార్డరు ఆపేశాడు. అది అప్పటిదాకా తిరుగుతూనే ఉందని నాకు తెలియదు.

"ఒక్కసారి పెట్టి చూపించండి, వింటాను" అన్నాడు మళ్ళీ.

"ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు. ఊరికే."

"ఊరికే ఎవడన్నా పెళ్ళి చేసుకుంటాడా?"

వెళ్ళిపోయాడు. పోయినసారి వచ్చినప్పుడు నా కోటుకున్న అతుకులు చూసి నువ్వు జాలిపడ్డావనీ, అందుకే ఈ బిరుదు ఇప్పిస్తున్నావనీ నాకు తెలుసు. ఆ కోటు బాగానే ఉంది. జాలి నాకొద్దు, బిరుదూ వద్దు. వద్దన్నానని వాళ్ళకు చెప్పు.

మ్రికాకు ముద్దులు. దాని పరీక్షలు ఏమయ్యాయి?

వుక్సాన్, మార్క్ కొడుకు


ష్కోద్రా, 19 మే 1978

పెదనాన్నా,

ఈ ఉత్తరం కలప లారీ ప్రెంగ్ చేతికిస్తున్నాను. చదివి పొయ్యిలో పెట్టు. పోస్టులో ఇంకొకటి వస్తుంది. బిరుదు సంగతి విని నువ్వు ఉత్సాహంగా ఉన్నావని తెలిసి సంతోషించాననీ, ఈ ఏడు పంటలు బాగున్నాయనీ అందులో ఉంటుంది. దాన్ని పొయ్యిలో పెట్టకు, బల్ల మీద కనపడేలా పెట్టు.

"ప్రజలు చచ్చారా" లాంటివి ఇక పోస్టులో రాయకు. నీ ఉత్తరం కవరు చాలా నీటుగా అంటించి ఉంది. నువ్వు ఎప్పుడూ అంత నీటుగా అంటించవు.

కోటు చూసి కాదు పెదనాన్నా. నీ పేరు రాయించింది నేనే, నా కూతురు మ్రికా కోసం. అది అన్నింటిలోనూ పదికి పది తెచ్చుకుని పాసైంది. వైద్యం చదువుతానంది. చదువు హక్కు ఇచ్చే పేట సమావేశంలో ఒకాయన లేచి, "ఈ పిల్ల తాత ఎక్కడున్నాడు?" అని అడిగాడు. అంతే, దాన్ని ఇటుకబట్టీకి రాశారు. నాన్న సరిహద్దు దాటి యుగోస్లావియాలోకి వెళ్ళిపోయింది 1950లో. అప్పుడు నాకే ఎనిమిదేళ్ళు. అయినా ఆ రోజు దాటినవి మ్రికా కాళ్ళే అన్నట్టు మాట్లాడారు.

సమావేశం అయ్యాక కార్యదర్శి నన్ను పక్కకు పిలిచింది. మంచి మనిషి. "మీ ఫైల్లో ఒక నల్లకాయితం ఉంది దిలా. దాన్ని ఎవరూ తియ్యలేరు. కానీ దాని మీద ఒక ఎర్రకాయితం పడిందనుకో, పైది చదివి మూసేస్తారు. మీ ఇంట్లో హీరోలెవరన్నా ఉన్నారా?" అంది. లేరన్నాను. "పోనీ కళాకారులు?" అంది. అప్పుడు నువ్వు గుర్తొచ్చావు.

నేను పనిచేసే సాంస్కృతిక భవనంలో దుస్తుల గదికి పక్కనే డైరెక్టరు గది. ఆయనతో చెప్పాను. ఆయన పెత్రిత్‌తో చెప్పాడు. అక్టోబరులో గ్యిరోకాస్తర్ కోటలో జరిగే ఉత్సవంలో నువ్వు శోకం పెడితే నవంబరు పండగకు బిరుదు ప్రకటిస్తారట. జనవరిలో ఖాళీ సీట్లకు రెండో జాబితా వస్తుంది.

నిన్ను నేను ఎప్పుడూ ఏదీ అడగలేదు. నాన్న దాటి వెళ్ళిపోయాక నన్ను పెంచింది నువ్వు, అడిగే అవసరమే రానివ్వలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

నీ దిలా


షాలా, 11 జూన్ 1978

దిలా,

పంటలు ఎక్కడ బాగున్నాయి? వడగళ్ళు పడి మొక్కజొన్న అంతా పోయింది. తెలియకుండా రాయకు.

మ్రికా కోసమని మొదటే చెప్పి ఉంటే రెండు ఉత్తరాలు మిగిలేవి. బిరుదు తీసుకుంటాను. దాని కోసం ఏనుగునైనా ఎక్కి కూర్చుంటాను.

పెత్రిత్ మళ్ళీ వచ్చాడు, ఈసారి నాలుగు పేజీల ఫారం తెచ్చాడు. నేను చెబుతుంటే అతను రాశాడు. "మీ కళాజీవితం ఎప్పుడు మొదలైంది?" మా పెద్దమేనమామ చచ్చినప్పుడు. "ఏయే రంగస్థలాల మీద ప్రదర్శించారు?" చచ్చినవాళ్ళ వాకిళ్ళలో. "మొత్తం ప్రదర్శనలు?" నూటపద్నాలుగు. ఒక్కొక్కడి పేరూ చెప్పాను, ఆ కాయితం చాలక వెనక్కి తిప్పాడు. "ప్రేక్షకుల స్పందన?" తీసుకెళ్ళి పాతిపెట్టారు. అక్కడ అతను 'లోతైనది' అని రాసుకున్నాడు.

ఇంతకంటే పెద్ద బిరుదు ఇంకొకటి ఉందట, ప్రజా కళాకారుడని. అది ఎవరికిస్తారంటే ఇంకా గౌరవం ఉన్నవాళ్ళకు అన్నాడు. నాకున్నది ఎంతో ఎవడు కొలిచాడో అడగలేదు. నీకోసమే అడగలేదు.

అంతా అయ్యాక అసలు సంగతి చెప్పాను. "అక్టోబరులో ఎవరు చస్తారు?"

"అదేం ప్రశ్న పెద్దాయనా?"

"చచ్చినవాడు లేకుండా శోకం పెట్టటం ఉండదు. పెడితే ఆ శోకం చచ్చేవాణ్ణి వెతుక్కుంటూ వస్తుంది. మా నాన్న పెట్టలేదు, వాళ్ళ నాన్న పెట్టలేదు. నేను పెట్టను."

అతను ఆలోచించాడు. గడ్డితో బొమ్మ చేసి గెరిల్లా సైనికుడి బట్టలు తొడుగుదాం అన్నాడు. నేను గడ్డికి ఏడవను, ఆవును కాను అన్నాను. ఒక నటుణ్ణి పడుకోబెడతాం, కదలకుండా పడుకోవటంలో మంచి పేరున్నవాడు అన్నాడు. వాడికి తల్లి ఉందా అని అడిగాను. ఉందట. ఆమెను పంపించు, ఆమెతో మాట్లాడతాను అన్నాను. అది కూడా మానుకున్నాడు. చివరికి అతని మొహం వెలిగిపోయింది.

"భూస్వామ్య వ్యవస్థ! అది చచ్చింది కదా! దానికి పెట్టండి!"

"దాని కోసం ఏడవమంటావా?"

పాపం, మొహం తెల్లబోయింది. వాకిలి అవతల ఎవరన్నా విన్నారేమోనని రెండు వైపులా చూశాడు. మజ్జిగ ఇంకో గిన్నె ఇచ్చాను.

కాబట్టి ఇదీ సంగతి. బిరుదుకు నేను సిద్ధం. చచ్చినవాణ్ణి వాళ్ళు చూసుకోవాలి.

వుక్సాన్


ష్కోద్రా, 1 జూలై 1978

పెదనాన్నా,

పెత్రిత్ తిరిగొచ్చి డైరెక్టరు గదిలో తల పట్టుకుని కూర్చున్నాడు. గోడ పల్చన, నాకు అన్నీ వినపడతాయి. "ఆ షాలా పెద్దాయనకు ఇంకో మూడు వారాలు టైమిస్తాను. తర్వాత త్రోపోయాలో వేణువు వాయించే ముసలాయన ఉన్నాడు, ఆయన్ని రాస్తాను. ఆయన ఎవరికైనా వాయిస్తాడు" అంటున్నాడు.

నీకు ఒక మాట చెప్పాలి. నీ నియమం నాకు తెలుసు, నేనూ ఆ ఇంట్లోనే పెరిగాను. కానీ మ్రికా పొద్దున్నే ఐదింటికి బట్టీకి వెళుతోంది. దాని అరచేతులు పగిలి రక్తం కారితే ఉప్పునీళ్ళలో పెట్టుకుంటోంది. పెట్టుకుంటూనే ఎముకల పేర్లు చదువుకుంటోంది, లాటిన్‌లో, పైకి. చేతిలో ఇరవై ఏడున్నాయట. నేను పక్క గదిలోకి వెళ్ళి మిషను తొక్కుతాను, వినపడకుండా.

ఒక గడ్డిబొమ్మ ముందు ఆరు నిమిషాలు అరవటానికి నీ పరువు అడ్డమొస్తోంది. సరే. ఆ పరువును ఇక్కడికి పంపించు. దానితో మ్రికాకు ఏం కుట్టమంటావో చెప్పు, నేను దర్జీదాన్నే కదా.

కోపంగా రాశాను. నువ్వు కొట్టెయ్యవు, నేనూ కొట్టెయ్యను.

దిలా


షాలా, 16 జూలై 1978

దిలా,

పెత్రిత్‌కు చెప్పు, వేణువు ముసలాయన్ని ఇంట్లో కూర్చోమను.

చచ్చినవాడు దొరికాడు. అక్టోబరుకు సిద్ధంగా ఉంటాడు. పేరు రాయను, నువ్వూ అడగొద్దు.

మ్రికా చేతులకు ఉప్పునీళ్ళు పనికిరావు. ప్రెంగ్‌తో గొర్రె కొవ్వు పంపుతున్నాను. పడుకునే ముందు రాసి గుడ్డ చుట్టాలి.

వుక్సాన్


ష్కోద్రా, 2 ఆగస్టు 1978

పెదనాన్నా,

నీ ఉత్తరం చదివి భయం వేసింది. అక్టోబరుకు సిద్ధంగా ఉంటాడంటే ఏమిటి? ఎవరు? ప్రెంగ్‌ను అడిగితే, మీ పక్కింటి లులాష్ మామ వసంతం నుంచీ దగ్గుతున్నాడు, మంచం దిగట్లేదు అన్నాడు. పెదనాన్నా, నేను కోపంలో రాశాను. ఆయన చేతుల్లో ఆడుకున్నాను నేను. ఆయన ఎప్పుడు పోతాడా అని నువ్వు కిటికీలోంచి చూస్తూ కూర్చోవటం నా వల్ల కావద్దు.

మందుల షాపులో తెలిసిన మనిషి ఉంది. దగ్గు మందు రెండు సీసాలు పంపుతున్నాను. ప్రెంగ్‌ను నేరుగా లులాష్ మామకే ఇమ్మన్నాను. పూటకో చెంచా. ఆయన బతకాలి. మ్రికా సంగతి ఇంకో రకంగా చూద్దాం.

దిలా


షాలా, 20 ఆగస్టు 1978

దిలా,

ఇలాంటి పని చేసేముందు నన్నొక మాట అడగాలి. ప్రెంగ్ ఆ సీసాలు లులాష్‌కు ఇచ్చి, ఎందుకో కూడా చెప్పాడట. వాడి నోట్లో నువ్వుగింజ నానదు. లులాష్ కర్ర పట్టుకుని నా వాకిట్లోకి వచ్చాడు. మూడు నెలల్లో వాడు మంచం దిగటం అదే మొదటిసారి.

"ఏరా వుక్సాన్, నా చావుతో బిరుదు కొట్టేద్దామనుకున్నావా?"

"నీ చావుకు బిరుదు రాదురా. నీ చావుకు మహా అయితే రసీదు వస్తుంది."

కూర్చున్నాడు. దగ్గాడు. సిగరెట్టు చుట్టుకున్నాడు. మ్రికా సంగతి మొత్తం చెప్పించుకున్నాడు. ఆ తర్వాత అడిగాడు.

"అక్టోబరు ఎన్నో తారీకు?"

"ఎందుకు?"

"పిల్ల చదువు కోసమంటున్నావు కాబట్టి అడుగుతున్నా. నాకు ఎనభై నాలుగు. ఎట్లాగూ పోవాల్సిందే, కాస్త ముందూ వెనకా చూసుకుంటా. మాటివ్వలేను గానీ ప్రయత్నిస్తా."

"వద్దురా. ఒకడున్నాడు."

"ఎవడు?"

చెప్పాను. వాడు సిగరెట్టు ఆర్పేశాడు. నీ మందు తాగుతున్నాడు. దగ్గు తగ్గింది. ఇప్పుడు నా వెనక నిలబడే తొమ్మిదిమందిలో తననూ వేసుకోమంటున్నాడు.

పెత్రిత్ కూడా వచ్చి వెళ్ళాడు. ఎక్కడో దూరాన చచ్చి శవం ఇంటికి రానివాడికి ఎట్లా పెడతామో అతనికి చెప్పాను. వాడి బట్టలు నేల మీద పరుస్తాం, మనిషి పడుకున్నట్టే, తూర్పు వైపు తల. వాటి ముందు పెడతాం. అతను గంతులేశాడు.

"బట్టలు! అద్భుతం! మేము కుట్టిస్తాం."

"అక్కర్లేదు. నా దగ్గరున్నాయి."

"ఎవరివి?"

"ఒక మగవాడివి."

"పోరాటంలో పోయాడా?"

"బతికినన్నాళ్ళూ పోరాటమే."

"అమరవీరుడన్నమాట" అని రాసుకున్నాడు. రాసుకోనిచ్చాను. అతని రాతకు నేను బాధ్యుణ్ణి కాను.

వుక్సాన్


ష్కోద్రా, 15 అక్టోబరు 1978

పెదనాన్నా,

కోటలో ఉత్సవం అవగానే మీ బస్సు ఉత్తరానికి, మా దుస్తులవాళ్ళ బస్సు వేరే దారిలో వెళ్ళాయి. నీతో ఒక్క మాట మాట్లాడలేకపోయాను. బహుశా నువ్వే అట్లా చూసుకున్నావు.

నేను తెర పక్కన ఉన్నాను, లులాష్ మామ నడికట్టుకు పిన్ను పెట్టి వచ్చి, నోట్లో ఇంకా మూడు పిన్నులతో. మైకులో ఒకామె, "విముక్తి పోరాటంలో నేలకొరిగిన వీరులకు ఉత్తర పర్వతాల నివాళి" అని చదివింది. నువ్వు మూట విప్పి నల్ల కోటు పరిచావు. తర్వాత ఆ పొట్టి, చేతుల్లేని జాకెట్టు పరిచావు. ఎడమ చంక కింద నీలం దారం. నల్లదారం అయిపోతే అమ్మ నీలందారంతో కుట్టింది. ఎవరూ చెయ్యెత్తి చూడరులే అంది. నేను ఆమె ఒళ్ళో కూర్చుని ఉన్నాను. పెదనాన్నా, అంత దూరం నుంచి ఆ దారం కనపడదు. నాకు కనపడింది.

అప్పుడు నువ్వు గోళ్ళతో మొహం గీరుకున్నావు. బయటివాడికి గుండె బాదుకుంటారు, సొంత రక్తానికే మొహం గీరుకుంటారు. ఆ రెండూ నాకు నేర్పింది నువ్వే.

అట్లా తెలిసింది నాకు, నాన్న లేడని. మూడువేల మంది మధ్య. అయిపోయాక అందరూ లేచి చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. అందరికంటే ఎక్కువసేపు కొట్టాను. ఆపితే నా చేతులు ఏం చేస్తాయో నాకే తెలియలేదు. నర్సు నీ చెంపలకు దూది తెస్తుంటే నాటక విభాగం ఆయన పరిగెత్తుకొచ్చి, ఆ ఎర్రరంగు ఎక్కడ దొరుకుతుంది, మాకు చెమటకు కారిపోతోంది అని అడిగాడు.

ఎప్పుడు పోయాడు? నీకెప్పుడు తెలిసింది? నాకు ఎందుకు చెప్పలేదు? ఇంకొకటి కూడా అడుగుతాను. నేను పోరు పెట్టబట్టి, ఒక బిరుదు కోసం, మా నాన్నను ఆ వేదిక బల్లల మీద పరిచావా?

దిలా


షాలా, 29 అక్టోబరు 1978

దిలా,

దీన్ని ప్రెంగ్ నీ చేతికే ఇస్తాడు. నువ్వు చదివేదాకా పక్కనే నిలబడి, తనే పొయ్యిలో వేస్తాడు. అట్లా ఒట్టు పెట్టించుకున్నాను.

నాకు తెలిసి రెండేళ్ళు. సరిహద్దు అవతలి కొసావో నుంచి పాటగాళ్ళు వచ్చారు చూడు, మీ భవనంలో పాడారు, మమ్మల్ని పెద్దవాళ్ళమని ముందు వరసలో కూర్చోబెట్టారు. వాళ్ళలో డోలు వాయించేవాడు కిందికి దిగి అందరికీ చెయ్యి కలుపుతూ నా దగ్గర వంగి, "మీ తమ్ముడు మెహిల్ పోయాడు. పేయా ఊళ్ళో, కలప కొడుతుంటే. రెండు చలికాలాలైంది" అన్నాడు. తర్వాత గట్టిగా, "ఆరోగ్యం ఎట్లా ఉంది తాతా?" అన్నాడు. బాగుందన్నాను. పాట మళ్ళీ మొదలైంది.

ఆ పూట మీ ఇంట్లోనే భోంచేశాను. పెరుగులో వేయించిన మిరపకాయలు పెట్టావు. మ్రికా లెక్కలు చేసుకుంటోంది. చెప్పలేదు. నీ మొహంలో ఏదీ దాగదు. చెప్పి ఉంటే మర్నాడు తలకు నల్లగుడ్డ కట్టేదానివి, ఎవరికోసమని అడిగేవాళ్ళు. పారిపోయినవాడికి ఏడిస్తే అదింకో నల్లకాయితం. నిన్ను ఏడవనివ్వలేదంటావు. అవును, ఏడవనివ్వలేదు.

చివర అడిగావే, దానికి సూటిగా చెబుతాను. అవును, బిరుదు కోసమే పరిచాను. వాడు పోతూ పోతూ మీ మీద ఆ కాయితం పడేసి పోయాడు. బతికుండగా తియ్యలేకపోయాడు. చచ్చైనా తియ్యాలి, నా తమ్ముడు కాబట్టి అడిగే హక్కు నాకుంది. నా లెక్క అదే. పరిచేదాకా అదే లెక్క.

పరిచాక చేతులు సర్దాలి కదా. కోటు కుడి చెయ్యి మడత పడి ఉంది, చాపాను. వాడు పడుకున్నప్పుడు ఆ చెయ్యి ఎప్పుడూ ఒంటి కిందే పెట్టుకునేవాడు. చిన్నప్పుడు నేనే లాగేవాణ్ణి, తిమ్మిరెక్కుతుందిరా అని. ఆ తర్వాత నాకు బిరుదు గుర్తులేదు, మ్రికా గుర్తులేదు, తప్పు ఒప్పుకుంటున్నాను. నీ సంగతీ గుర్తులేదు. పెత్రిత్ పదమూడు నిమిషాలైందన్నాడు. మాకిచ్చింది ఆరు. ఆపమని లైటు వేశారట, చూడలేదు.

ఇంకొకటి విను. వాడు పోయి నాలుగేళ్ళైంది. నాకు తెలిసిన ఈ రెండేళ్ళలో వాడికి శోకం పెట్టటానికి ఈ దేశంలో నాకు ఒక్క చోటు దొరకలేదు. వాకిట్లో పెడితే జైలు. అడవిలో పెడితే పిచ్చి. దొరికింది ఆ బల్లలే. వాళ్ళే పిలిచారు, బస్సు పంపారు, లైట్లు పెట్టారు. నువ్వు పోరు పెట్టకపోతే అదీ లేదు.

నన్ను తిట్టాలనుకుంటే తిట్టు. కానీ పోస్టులో వద్దు.

పెదనాన్న


ష్కోద్రా, 21 జనవరి 1979

పెదనాన్నా,

మూడు నెలలు రాయలేదు. నవంబరులో నీ పేరు పత్రికలో చూశాను. "ప్రజల దుఃఖాన్ని ఆశావాదంతో వ్యక్తం చేసినందుకు" అని ఉంది. దాన్ని కత్తిరించి కార్యదర్శికిచ్చాను. నేను చూస్తుండగానే ఫైల్లో పైన పెట్టింది. ముద్ర గుద్ది పెట్టింది.

రెండో జాబితా నిన్న వచ్చింది. మ్రికా పేరుంది. వైద్యం కాదు, పశువైద్యం. అందులోనే ఖాళీ ఉందట. ఏడుస్తుందేమో అనుకున్నాను. జాబితా మళ్ళీ చదువుకుని, "అమ్మా, గొర్రెకు ముందరి కాలి మడమలో ఎముకలు ఎన్నో నాకు తెలియదు" అంది. కంగారుగా పుస్తకం కోసం పరిగెత్తింది. సోమవారం తిరానా వెళుతోంది. చేతులు మానాయి.

నిన్ను తిట్టాలని మూడుసార్లు కూర్చున్నాను. ప్రతిసారీ మధ్యలో నీ చెంపలు ఎట్లా ఉన్నాయో అడగాలనిపించి ఆగిపోయాను. ఎట్లా ఉన్నాయి?

ఒక్కటే బాధ పెదనాన్నా. నాన్న కోసం మన ఇంటి గడప ఎవరూ తొక్కలేదు. ఎవరూ వచ్చి ఒక్క మాట అనలేదు. అనరు, అనలేరు, తెలుసు. అయినా చావిల్లు ఖాళీగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

నీ దిలా


షాలా, 18 ఫిబ్రవరి 1979

దిలా,

చెంపలు మానాయి. ఎడమ వైపు ఒక గీత ఉండిపోయింది, గడ్డం కప్పేసింది. గొర్రె గిట్టల గురించి మ్రికాకు సందేహాలుంటే నన్ను అడగమను, పుస్తకం రాసినవాడు గొర్రె వెంట నడిచి ఉండడు.

మంచు నడుము దాకా ఉంది. ప్రెంగ్ లారీ దిగువ వంతెన దగ్గరే ఆగిపోయింది. అక్కడి నుంచి వాడు నడిచొచ్చాడు, బిరుదు పత్రం కోటులో పెట్టుకుని. దాన్ని ఊరి చైర్మన్ సాందర్ చేతిలో పెట్టాడు. సాందర్ గురువారం నా ఇంట్లో అందరి ముందూ ఇస్తానని కబురు చేశాడు. బిరుదొచ్చినవాడికి ఇంటికొచ్చి శుభాకాంక్షలు చెప్పటం నేరం కాదు. పైగా చెప్పకపోతే తప్పు.

నేను పదిమంది వస్తారనుకున్నాను. లులాష్ మంచులో అందరికంటే ముందొచ్చి, పొయ్యి పక్కన చావింట పెద్దవాళ్ళు కూర్చునే చోట కూర్చున్నాడు. లేపలేదు. తర్వాత కోటలో నా వెనక నిలబడ్డ మిగతా ఎనిమిదిమందీ వచ్చారు. తర్వాత పై ఊరివాళ్ళు. తర్వాత నదికి అవతలివాళ్ళు, వాళ్ళతో మనకు రెండు తరాలుగా మాటల్లేవు. నలభై ఆరుమంది. గదిలో పట్టక గుంపులుగా వచ్చి వెళ్ళారు. ఒక్కొక్కడూ గడప దగ్గర టోపీ తీసి, "నీ బిరుదుకు శుభం వుక్సాన్" అన్నాడు. గట్టిగానే అన్నాడు. ఆ తర్వాత ఇంకా నా చెయ్యి వదలకుండా, మెల్లగా, "నువ్వు బాగుండాలి. ఉన్నవాళ్ళు బాగుండాలి" అన్నాడు. అది చావింట అనే మాట, బిరుదొచ్చినవాడితో ఎవడూ అట్లా అనడని నీకు చెప్పక్కర్లేదు.

లులాష్ కోడలు కాఫీ కాచింది. పంచదార గిన్నె పళ్ళెంలో పెట్టి తిప్పింది. శుభానికి కాఫీ అంటే రెండు చెంచాలు వేసుకుంటారు మనవాళ్ళు, ఉంటే మూడు. ఆ గిన్నె నలభై ఆరుమంది చుట్టూ తిరిగి నిండుగా తిరిగొచ్చింది. చావింట తాగినట్టు చేదుగానే తాగారు. కప్పు కప్పుకు తగిలించలేదు. ఎవడూ నవ్వలేదు. ఎవడూ వాడి పేరు ఎత్తలేదు. నదికి అవతలి ముసలాయన ఒకడు మాత్రం పోతూ పోతూ, "బాగా గొడ్డలి పట్టేవాడు" అన్నాడు, తలుపును చూస్తూ.

సాందర్ ఆఖరికి వచ్చాడు. రెండు పేజీల ఉపన్యాసం చదివాడు. సోషలిజం ముసలి గొర్రెలకాపరిని కూడా మర్చిపోదు అన్నాడు. పత్రం ఇచ్చాడు, అద్దం బిగించి ఉంది. చప్పట్లు కొట్టాడు. ఒక్కడే కొట్టాడు. తర్వాత కూర్చున్నాడు.

అతను నివేదిక రాయాల్సినవాడు. పెళ్ళాం పిల్లలున్నవాడు. అందుకని నేనే లేచి పంచదార గిన్నె అతని ముందు పెట్టాను, చెంచా కూడా వేసి. అతను గిన్నె చూశాడు. గదిలో కప్పులన్నీ చూశాడు. లులాష్ కూర్చున్న చోటు చూశాడు. గిన్నెను చేత్తో వెనక్కి నెట్టాడు.

"డాక్టరు వద్దన్నాడు" అన్నాడు.

సాందర్ పుట్టిననాటి నుంచీ నాకు తెలుసు. వాడు డాక్టరు మొహం ఎన్నడూ చూడలేదు.

పెదనాన్న